మూడు కార్డులు, ఒకే కామన్: ఒక ఐడీ ఫ్యాన్ ట్రిప్ కేస్ స్టడీ

జూలై నెల, అర్ధరాత్రి దాటి 2 గంటల 41 నిమిషాలు. బయట ముసురు. 198 మెగావాట్ల మీద నడుస్తున్న పవర్ ప్లాంట్ యూనిట్‌లో, బాయిలర్ పొగని లాగే ఐడీ ఫ్యాన్-ఏ ట్రిప్ అయింది, అంటే రక్షణ లాజిక్ దాన్ని ఆపేసింది. ఇంటర్‌లాక్ ప్రకారం అదే వైపు బాయిలర్‌లోకి గాలి పంపే ఎఫ్‌డీ ఫ్యాన్ కూడా ఆగింది, రన్‌బ్యాక్ (లోడ్‌ని దానంతటదే తగ్గించే ఏర్పాటు) వచ్చింది. డెస్క్ మీదున్న ఇంజనీర్ ఆయిల్ గన్లు (మంటని నిలబెట్టే ఆయిల్ బర్నర్లు) పెట్టి ఎలాగో 120 దగ్గర యూనిట్‌ని నిలబెట్టాడు. స్క్రీన్ మీద కారణం ఒక్క లైనే: "లూబ్ ఆయిల్ ప్రెషర్ వెరీ లో".

ఆ ప్లాంట్‌లో నేను సీ అండ్ ఐ (కంట్రోల్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్) విభాగం ఇంజనీర్‌ని. ప్లాంట్ పేరు గానీ డీసీఎస్ (ప్లాంట్‌ని నడిపే కంప్యూటర్ కంట్రోల్ సిస్టమ్) కంపెనీ పేరు గానీ చెప్పను. చెప్పి లాభం కూడా లేదు, ఎందుకంటే ఈ తప్పులో అందరికీ వాటా ఉంది, నాకూ ఉంది. 210 మెగావాట్ల పాత యూనిట్. మొదట్లో కంట్రోల్ అంతా రిలే ప్యానెళ్ళతో ఉండేది. కొన్నేళ్ళ కిందట వాటిని పీకేసి డీసీఎస్ పెట్టారు. ఫీల్డ్‌లో ఉన్న కేబుళ్ళు, జంక్షన్ బాక్సులు బాగానే ఉన్నాయని వాటిని అలాగే ఉంచేశారు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సర్క్యూట్ ఎలా ఉండాలి

బాయిలర్‌లోంచి పొగను లాగి చిమ్నీలోకి పంపేది ఐడీ ఫ్యాన్. దాని బేరింగులకు ఆయిల్ అందించడానికి పక్కనే ఒక లూబ్ ఆయిల్ స్కిడ్, దాని మీద రెండు పంపులు. ఒకటి నడుస్తుంటే రెండోది స్టాండ్‌బై. హెడర్‌లో (పంపుల నుంచి ఆయిల్ వెళ్ళే ప్రధాన పైపులో) ప్రెషర్ కాస్త తగ్గితే స్టాండ్‌బై పంపు దానంతటదే స్టార్ట్ అవుతుంది. అప్పటికీ నిలబడక చదరపు సెంటీమీటరుకి 0.8 కిలోలకు పడిపోతే, 2 సెకన్లు చూసి ఫ్యాన్‌ని ఆపేయాలి. ఆ 0.8ని పసిగట్టడానికి మూడు ప్రెషర్ స్విచ్‌లు ఉన్నాయి. మూడింట్లో ఏ రెండు "ప్రెషర్ లేదు" అన్నా ట్రిప్, ఒక్కటే అంటే అలారం. టూ అవుట్ ఆఫ్ త్రీ అని పవర్ ప్లాంట్లలో రోజుకి పదిసార్లు వినే మాట ఇదే.

ప్రెషర్ బాగున్నప్పుడు స్విచ్ కాంటాక్ట్ మూసుకుని ఉంటుంది. 24 వోల్ట్లు డిజిటల్ ఇన్‌పుట్ కార్డు దగ్గర బయలుదేరి, మార్షలింగ్ ప్యానెల్ (ఫీల్డ్ కేబుళ్ళు కార్డుల వైర్లతో కలిసే చోటు) దాటి, కేబుల్ మీదుగా జంక్షన్ బాక్స్‌కి వెళ్ళి, స్విచ్ కాంటాక్ట్ గుండా తిరిగి కార్డులోకి వస్తాయి. కార్డు లోపల ఒక రెసిస్టర్, దాని వెనక ఒక ఆప్టోకప్లర్. కరెంట్ వచ్చినప్పుడు ఆప్టోకప్లర్‌లో చిన్న ఎల్‌ఈడీ వెలుగుతుంది, అవతలి ట్రాన్సిస్టర్ ఆ వెలుగుని చూసి "1" అంటుంది. ఫీల్డ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్న చుట్టరికం ఆ వెలుగొక్కటే. మా కార్డులో చానెల్‌కి సుమారు 5 మిల్లీ ఆంపియర్లు పారుతుంది, కార్డుకి 16 చానెళ్ళు.

కాంటాక్ట్ తెరుచుకున్నా, వైరు తెగినా, ఫ్యూజ్ పోయినా కార్డు చెప్పేది ఒకటే: "0". ట్రిప్ సర్క్యూట్‌ని కావాలనే అలా పెడతారు. వైరు తెగితే మిషన్ ఆగాలి తప్ప కాపలా లేకుండా తిరగకూడదు. కాకపోతే దీనికి ఒక మూల్యం ఉంది. వైరింగ్‌లో ఎక్కడ కాస్త తెగినా, వదులైనా అది ట్రిప్ వైపే లాగుతుంది. ఆ మూల్యం తగ్గించుకోవడానికే మూడు స్విచ్‌లు, మూడు కార్డులు. మూడు సిగ్నళ్ళూ వేర్వేరు కార్డుల్లోకి రావాలని టెండర్ స్పెసిఫికేషన్‌లోనే రాసి ఉంది. కంపెనీ వాళ్ళు అలాగే 3, 7, 11 స్లాట్లలో పెట్టారు. కాగితం మీద వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

మొదటి ట్రిప్: మురికి ఫిల్టర్

తెల్లారి మెకానికల్ వాళ్ళు స్కిడ్ చూశారు. ఫిల్టర్ కాస్త మురికిగా ఉంది. మార్చారు. స్టాండ్‌బై పంపు ఆటోలో తీసుకుంటోందా లేదా చూశారు, తీసుకుంటోంది. మేం మూడు స్విచ్‌లకూ కాలిబ్రేషన్ చేశాం. 0.78, 0.80, 0.83 దగ్గర పనిచేశాయి. తేడాలు మామూలే. రిపోర్టులో "ఫిల్టర్ చోక్" అని రాసి మూసేశారు, నేనూ సంతకం పెట్టాను.

దొరికింది ఒక మురికి ఫిల్టర్. కారణం అదేనని మేమే అనుకున్నాం. పైగా ఫిల్టర్ చోక్ అయి ప్రెషర్ పడితే ముందు స్టాండ్‌బై పంపు స్టార్ట్ అయి ఉండాలి. ఆ రాత్రి అది కదల్లేదు. ఆ సంగతి రిపోర్టులోనే ఉంది, మేం ఎవరం పట్టించుకోలేదు.

రెండో ట్రిప్

తొమ్మిది రోజులకి మళ్ళీ అదే ఫ్యాన్, అదే లైను. ఈసారి అదృష్టం బాగాలేదు. ఒక వైపు ఐడీ పోగానే ఫర్నేస్ ప్రెషర్ పైకి దూకి బాయిలర్ ట్రిప్ అయింది, యూనిట్ కిందికి వచ్చింది. యూనిట్ ఆగితే ఎంత ఆయిల్ తగలబెట్టి లేపాలో, ఎవరెవరికి ఎన్ని ఫోన్లు వస్తాయో ప్లాంట్లలో పనిచేసే వాళ్ళకి చెప్పక్కర్లేదు.

పొద్దున మీటింగ్‌లో వాతావరణం వేడిగా ఉంది. మెకానికల్ వాళ్ళు ట్రెండ్ ప్రింటు తెచ్చి బల్ల మీద పడేశారు. అదే హెడర్ మీద ఒక ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ ఉంది. అది 1.6 కిలోల దగ్గర గీత గీసినట్టు నిలకడగా ఉంది. "మా ప్రెషర్ ఎక్కడికీ పోలేదు, మీ స్విచ్‌లే అబద్ధం చెబుతున్నాయి" అన్నారు. మా వైపు నుంచి ఒకాయన, ట్రెండ్ సెకనుకోసారే రాస్తుంది, చిన్న డిప్ అందులో దొరకదు అని వాదించబోయాడు. నాకు అక్కడే తట్టింది, ఆ వాదన నిలవదని. లాజిక్‌లో 2 సెకన్ల డిలే ఉంది. ప్రెషర్ 2 సెకన్లు కింద ఉంటేనే ట్రిప్. సెకనుకోసారి రాసే ట్రెండ్‌లో అది ఒక్క చుక్కగానైనా పడి తీరాలి. పడలేదు. అంటే వాళ్ళు చెప్పిందే నిజం.

మీటింగ్ నుంచి బయటికొచ్చి ఎస్‌ఓఈ తీశాను.

ఎస్‌ఓఈలో ఏముంది

ఎస్‌ఓఈ అంటే సీక్వెన్స్ ఆఫ్ ఈవెంట్స్. మామూలు డిజిటల్ ఇన్‌పుట్ మారిన సమయాన్ని కంట్రోలర్ తన స్కాన్‌లో చూసి రాసుకుంటుంది. ఎస్‌ఓఈ కార్డు అలా కాదు, మారిన క్షణాన తనే టైమ్ స్టాంప్ వేస్తుంది, 1 మిల్లీసెకన్ లెక్కలో. ట్రిప్ సిగ్నళ్ళను ఇలాంటి కార్డుల్లోనే పెడతారు, తర్వాత ఎవరు ముందు ఎవరు వెనక అని తేల్చుకోవడానికి. మా దగ్గర మొదటి ట్రిప్‌కి కూడా ఎస్‌ఓఈ ప్రింటు తీసి ఫైల్లో పెట్టారు. నేను అందులో పైలైను చదివి, ఫస్ట్ అవుట్ (ట్రిప్‌కి మొదటి కారణం) లూబ్ ఆయిల్ అని చూసి ఊరుకున్నాను. మిగతా లైన్లు చదవలేదు. ఈ కేసులో నా తప్పు అదే.

రెండో ట్రిప్ ప్రింటు ఇలా ఉంది. 17.306 సెకన్ల దగ్గర మూడు స్విచ్‌లూ "0" అయ్యాయి. 17.342 దగ్గర మూడూ "1" అయ్యాయి. మళ్ళీ 17.590 దగ్గర మూడూ పడ్డాయి, 17.611కి మూడూ లేచాయి. ఇలా నాలుగైదు సార్లు ఊగి, 19.118కి పడి అక్కడే ఉండిపోయాయి. సరిగ్గా 2 సెకన్ల తర్వాత, 21.120కి ట్రిప్ కమాండ్. ఇంకో మూడు సెకన్లకి మూడూ కూడబలుక్కున్నట్టు "1"కి వచ్చేశాయి. అప్పటికి ఫ్యాన్ ఆగిపోయింది.

ప్రతిసారీ మూడింటి మధ్యా తేడా 0 లేదా 1 మిల్లీసెకన్. 0.78, 0.80, 0.83 దగ్గర పనిచేసే మూడు స్విచ్‌లు ఒకే మిల్లీసెకన్‌లో పడడం ఎలా సాధ్యం? ఆయిల్ ప్రెషర్ ఎంత వేగంగా పడినా ముందు 0.83 దాటాలి, తర్వాత 0.80, ఆ తర్వాత 0.78. పైగా స్విచ్‌లో స్ప్రింగు కదలాలి, కాంటాక్ట్ తెరుచుకోవాలి. ఒక్కోదానిది ఒక్కో ఒళ్ళు బద్ధకం.

నా అనుమానం సరైనదో కాదో చూద్దామని, యూనిట్ ఆగి ఉంది కాబట్టి స్కిడ్ పంపుని నడిపించి, స్టాండ్‌బైని మాన్యువల్‌లో పెట్టి, నడిచే పంపుని ఆపాను. నిజంగా ప్రెషర్ పడ్డప్పుడు ఎస్‌ఓఈ ఎలా ఉంటుందో కళ్ళారా చూశాను. మొదటి స్విచ్ పడ్డాక రెండోది 340 మిల్లీసెకన్లకి, మూడోది మొదటిదాన్నుంచి 860కి పడింది. ఈ ప్రింటునీ ట్రిప్ ప్రింటునీ పక్కపక్కన పెట్టి చూపిస్తే మీటింగ్‌లో ఇంకెవరూ ఏమీ అడగలేదు.

పాత ఎస్‌ఓఈ కూడా తవ్వాను. మూడు వారాలుగా, రోజుకి ఒకటో రెండో, ఇలాంటి ఉమ్మడి మినుకులు ఉన్నాయి. చాలావరకు వాన పడ్డాక, లేదా తెల్లవారుజామున. అన్నీ 2 సెకన్ల లోపువే కాబట్టి ట్రిప్ దాకా రాలేదు. అలారం మాత్రం వచ్చిపోతుండేది. షిఫ్ట్‌లో విసుగొచ్చి ఎవరో దాన్ని ఇన్‌హిబిట్ చేశారు, అంటే మోగకుండా ఆపేశారు. వాళ్ళని తప్పుపట్టలేను. కారణం చెప్పకుండా రోజూ మోగే అలారాన్ని ఎవరు మాత్రం ఎన్నాళ్ళు భరిస్తారు? కానీ ఇన్‌హిబిట్ చేసిన అలారాల జాబితా రోజూ మా విభాగానికి రావాలన్న నియమం మా దగ్గర లేదు. ఇప్పుడుంది.

ఎక్కడ కలుస్తున్నాయి

మూడు సిగ్నళ్ళు ఒకేసారి పడుతున్నాయంటే మూడింటికీ ఉమ్మడిగా ఏదో ఒకటి ఉంది. అదేంటన్నదే వెతకాలి. ముందుగా అందరి చూపూ 24 వోల్ట్ల పవర్ సప్లై మీదికి వెళ్ళింది. ఇంకొందరు కార్డులు మార్చేద్దాం అన్నారు. మన దగ్గర ఏ డీసీఎస్ సమస్య వచ్చినా మొదటి మందు కార్డు మార్చడమే కదా, తలనొప్పికి మాత్ర వేసుకున్నట్టు. నేను వద్దన్నాను. 3, 7, 11 స్లాట్లలోని కార్డుల్లో ఇంకా నలభైకి పైగా సిగ్నళ్ళు ఉన్నాయి, వేర్వేరు మిషన్లవి. అదే క్షణంలో వాటిలో ఒక్కటి కూడా కదల్లేదు. సప్లై ఊగి ఉంటే అవీ ఊగేవి. కార్డు చెడి ఉంటే ఒక కార్డులోవి పడేవి గానీ మూడు కార్డుల్లోంచి ఏరినట్టు ఒక్కొక్కటి పడవు. సాఫ్ట్‌వేర్ కూడా కాదు, ఎందుకంటే టైమ్ స్టాంప్ వేసింది కార్డే, లాజిక్ దాకా పోకముందే. కాబట్టి కలిసే చోటు కార్డులకి బయట, కాంటాక్టులకి ఇవతల ఉంది. అంటే కేబుల్ దారి.

డ్రాయింగ్ తీస్తే మూడు స్విచ్‌లకి మూడు జతలు, ఆరు వైర్లు. మార్షలింగ్ ప్యానెల్ తలుపు తీసి వెనక్కి వంగి చూస్తే, ఫీల్డ్ నుంచి వస్తున్నవి నాలుగే వైర్లు. మూడు రిటర్న్ వైర్లు మూడు స్లాట్లకి వెళ్తున్నాయి. 24 వోల్ట్లు మాత్రం స్లాట్ 3 వాటా నుంచి ఒక్కటే బయటికి పోతోంది. మిగతా రెండు స్లాట్ల 24 వోల్ట్ల టెర్మినళ్ళ ఫీల్డ్ వైపు ఖాళీ.

నా పక్కనున్న సీనియర్ టెక్నీషియన్ రిలే ప్యానెళ్ళ రోజుల నుంచీ ఆ ప్లాంట్‌లో ఉన్నాడు. చూడగానే నవ్వాడు. "సార్, ఇది మన పాత పద్ధతే. అప్పుడు జంక్షన్ బాక్స్ మొత్తానికి ఒకటే పాజిటివ్ పంపి, అక్కడ జంపర్లేసి అందరికీ పంచేవాళ్ళం. రిలేకి ఎవరి పాజిటివ్ అయితేనేం సార్?"

అదీ విషయం. డీసీఎస్ పెట్టినప్పుడు కేబుళ్ళు పాతవే ఉంచారు. కొత్త డ్రాయింగ్‌లో మూడు జతలు గీశారు. సైట్‌లో వైరింగ్ చేసినవాళ్ళు వచ్చిన నాలుగు వైర్లనీ చూసి, రిటర్న్‌లు మూడూ మూడు కార్డులకిచ్చి, ఉన్న ఒక్క పాజిటివ్‌ని స్లాట్ 3కి కట్టేశారు. మా కార్డుల్లో చానెళ్ళు ఒకదాన్నుంచి ఒకటి విడిగా ఐసొలేట్ అయి ఉండవు. కార్డులన్నిటి నెగటివ్ ఒకే బస్ మీద కలుస్తుంది. అందుకే ఒక కార్డు పాజిటివ్ వెళ్ళి ఇంకో కార్డు ఇన్‌పుట్‌లో తిరిగొచ్చినా పని జరిగిపోతుంది. చానెల్ ఐసొలేషన్ ఉన్న కార్డులు కొని ఉంటే ఆ వైరింగ్‌తో రెండు సిగ్నళ్ళు మొదటి రోజే వచ్చేవి కావు, తప్పు అప్పుడే బయటపడేది.

మూడు బావులు తవ్వి మూడింటికీ ఒకే చేంతాడు పెట్టుకున్నట్టయింది.

జంక్షన్ బాక్స్

బాక్స్ ఐడీ ఫ్యాన్ పునాది పక్కన, ఒక స్టీలు ఛానల్‌కి బిగించి ఉంది. ఫ్యాన్ నడిచినన్నాళ్ళూ సన్నగా వణుకుతూనే ఉంటుంది. పైనుంచి వచ్చిన ఒక కేబుల్ గ్లాండ్ వదులైంది, తలుపు రబ్బరు ఎండి పగిలింది. లోపల అడుగున తడి ఆరిన బూడిద చార. పాజిటివ్ వైరు దిగే టెర్మినల్ దగ్గర స్క్రూ తల నల్లబడి, లగ్గు అంచున ఆకుపచ్చటి చిలుము. ఒకే టెర్మినల్లో లోపలికొచ్చే వైరునీ పక్క టెర్మినల్‌కి పోయే జంపర్‌నీ కుక్కేశారు. రెండింటి మందం వేరు. స్క్రూ లావుదాన్ని పట్టుకుంది, సన్నదాన్ని పట్టుకున్నట్టు నటించింది.

మల్టీమీటర్‌ని ఆ టెర్మినల్‌కి అటూ ఇటూ పెట్టి చూస్తే మొదట అర వోల్ట్ లోపే డ్రాప్. స్క్రూడ్రైవర్ పిడితో బాక్స్ మీద మెల్లగా తట్టాను. మీటరు ఒక్కసారిగా 14 వోల్ట్లకి ఎగిరి మళ్ళీ పడింది. కంట్రోల్ రూమ్ నుంచి వాకీలో కేక: "సార్, మూడూ పోయాయి, మళ్ళీ వచ్చాయి!" ఈ ఉద్యోగంలో ఇంతకంటే హాయిగా వినిపించే మాట ఇంకోటి ఉండదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయడం అవసరం, ఎందుకంటే నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది అదే. చానెల్‌కి లోపలి రెసిస్టెన్స్ సుమారు 4.7 కిలో ఓమ్‌లు. మూడు చానెళ్ళు ఒకే టెర్మినల్ గుండా పోతుంటే, ఆ టెర్మినల్‌కి మూడూ ప్యారలల్‌గా, అంటే సుమారు 1.57 కిలో ఓమ్‌లుగా కనబడతాయి. వదులైన స్క్రూ దగ్గర 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి. 24 వోల్ట్లలో 14 అక్కడే పోయి, కార్డుకి 10 మిగులుతాయి. 24 వోల్ట్ల డీసీ ఇన్‌పుట్‌కి ఐఈసీ 61131-2 ప్రమాణం ఏం చెబుతుందంటే, టైప్ 1 ఇన్‌పుట్ 15 వోల్ట్ల పైన తప్పకుండా "1" అనాలి, 5 వోల్ట్ల లోపు తప్పకుండా "0" అనాలి, మధ్యలో ఎటైనా చెప్పొచ్చు. టైప్ 3కి ఆ పై గీత 11 వోల్ట్లు. మా 10 వోల్ట్లు సరిగ్గా ఆ ఎటూ కాని చోట పడ్డాయి, మా కార్డు "0" అంది. అదే వదులు స్క్రూ, అదే 2.2 కిలో ఓమ్‌లు, కానీ ఒక్క చానెల్ మాత్రమే దాని గుండా పోయి ఉంటే? అప్పుడు కార్డుకి 16 వోల్ట్ల పైన అందేది. "1"గానే ఉండేది. అసలు సమస్యే వచ్చేది కాదు. అంటే జంపర్ మూడింటినీ ఒకటిగా కట్టేయడమే కాదు, ఆ కట్టిన చోటుని ఇంకా బలహీనం చేసింది కూడా.

మరి ఇరవై ఏళ్ళు ఎందుకు రాలేదు

ఈ ప్రశ్న ప్లాంట్ హెడ్ అడిగాడు, న్యాయమైన ప్రశ్న. అదే జంపర్, అదే బాక్స్, రిలేల కాలంలో ఏ గొడవా లేదు.

అప్పుడు ఆ సర్క్యూట్ 220 వోల్ట్ల డీసీ మీద నడిచేది. స్క్రూ కింద పేరుకునే సన్నటి ఆక్సైడ్ పొరని 220 వోల్ట్లు చీల్చుకుని పోగలవు. 24 వోల్ట్లకి, 5 మిల్లీ ఆంపియర్లకి ఆ సత్తా లేదు. రెండోది, రిలే ఒకసారి పట్టుకున్నాక వోల్టేజీ సగానికి పడిపోయినా సాధారణంగా పట్టు వదలదు. వదిలినా కొంత తీరిగ్గా వదులుతుంది. ఆప్టోకప్లర్ అలా కాదు, మిల్లీసెకన్లలో మాట మార్చేస్తుంది. మొత్తానికి పాత రిలే మొద్దుగా ఉండి ఫీల్డ్‌లోని చెత్తనంతా కడుపులో దాచుకుంది. కొత్త కార్డు చురుగ్గా ఉండి ఉన్నదున్నట్టు చెప్పింది. పాత యూనిట్‌కి డీసీఎస్ పెట్టేటప్పుడు కేబుల్ మెగ్గర్ చేసి "ఇన్సులేషన్ బాగుంది, ఉంచేయొచ్చు" అంటారు. మెగ్గర్ చెప్పేది ఇన్సులేషన్ గురించే. స్క్రూల గురించి, కాంటాక్టుల గురించి అది ఏమీ చెప్పదు. పాత ప్రెషర్ స్విచ్‌లలోని వెండి కాంటాక్టులదీ ఇదే కథ. ఎక్కువ వోల్టేజీకి చేసినవాటిని తక్కువ కరెంట్ మీద వాడితే మసి పొర గీరుకుపోక, మూసుకున్నా మూసుకోనట్టే ఉంటాయి. ఈ స్విచ్‌లు మాత్రం అప్పుడే మార్చారు, బంగారు పూత కాంటాక్టులవి వేశారు. ఆ జాగ్రత్త వైరు దాకా రాలేదు.

లూప్ చెకింగ్‌లో ఎందుకు దొరకలేదంటారా? ఆ రికార్డులు తీసి చూశాను. అన్నీ ఓకే. స్విచ్ దగ్గర ఒక్కో వైరు విప్పడం, స్క్రీన్ మీద "0" వచ్చిందా చూడడం, మళ్ళీ కట్టడం. విప్పినవి రిటర్న్ వైర్లు, కాబట్టి ఒక్కోసారి ఒక్కోటే పడింది. మార్షలింగ్ ప్యానెల్ దగ్గర పాజిటివ్‌ని ఒక్కసారి విప్పి ఉంటే మూడూ కలిసి పడేవి, అక్కడే తేలిపోయేది. మేం అడిగింది "ఈ సిగ్నల్ వస్తోందా" అని. "దీనితో పాటు ఇంకేం పోతోంది" అని ఎవరం అడగలేదు.

ఏం చేశాం

లైటప్‌కి (బాయిలర్‌ని మళ్ళీ వెలిగించడానికి) ముందు ఆరు గంటలు దొరికాయి. కేబుల్లో స్పేర్ జతలు ఉన్నాయి. మూడు స్విచ్‌లకీ మూడు విడివిడి జతలిచ్చి, పాజిటివ్‌లు వాటి వాటి స్లాట్ల నుంచే తీసుకున్నాం. జంపర్లు పీకేశాం. జంక్షన్ బాక్స్‌లో స్క్రూ టెర్మినళ్ళు తీసి స్ప్రింగ్ టెర్మినళ్ళు వేశాం, వణుకుడు ఉన్నచోట అవి నయం. ఒక టెర్మినల్‌కి ఒకే వైరు. బాక్స్‌ని ఫ్యాన్ పునాది మీంచి తీసి పక్క గోడకి మార్చాం.

కొత్త వైరింగ్ కట్టి పవర్ ఇస్తే స్లాట్ 7 సిగ్నల్ రాలేదు. గుండె జారింది. వెతికితే, ఆ చానెల్ ఫ్యూజ్ హోల్డర్‌లో అసలు ఫ్యూజే లేదు. కమిషనింగ్ రోజు నుంచీ లేదు కాబోలు. ఆ పాజిటివ్‌ని ఎవరూ వాడలేదు కాబట్టి లేకపోయినా ఎవరికీ తెలియలేదు. స్లాట్ 3లోని ఒక్క ఫ్యూజు మూడు స్విచ్‌లనీ ఇన్నాళ్ళూ మోసింది. స్లాట్ 3 కార్డుని ఆన్‌లైన్‌లో మార్చుదామని, "ఒకటి పోతే అలారమేగా, మిగతా రెండూ ఉంటాయి" అని ఎవరైనా ఫ్యూజులు లాగి ఉంటే, యూనిట్ ఆ చేత్తోనే పడేది. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్.

తర్వాత పరీక్ష. ఒక్కో పాజిటివ్ విప్పాలి, ఒకటే పడాలి. ఒక్కో ఫ్యూజ్ తీయాలి, ఒకటే పడాలి. ఒక్కో కార్డు లాగాలి, అప్పుడూ ఒకటే పడాలి. తొమ్మిది సార్లు చేశాం, తొమ్మిదింటికీ ఎస్‌ఓఈ ప్రింటు ఫైల్లో పెట్టాం. ఇప్పుడు మా దగ్గర టూ అవుట్ ఆఫ్ త్రీ ఉన్న ప్రతి సర్క్యూట్‌కీ లూప్ చెకింగ్ షీట్‌లో ఈ మూడు గడులు అదనంగా ఉన్నాయి.

డిలేని 2 నుంచి 5 సెకన్లకి పెంచితే సరిపోతుంది కదా అన్న సలహా కూడా వచ్చింది. కోడ్‌లో ఒక్క అంకె మార్చితే చాలు, పర్మిట్ అక్కర్లేదు, నిచ్చెన అక్కర్లేదు. నేను ఒప్పుకోలేదు. ఆ 2 సెకన్లు బేరింగ్ కోసం పెట్టినవి, వదులు స్క్రూ కోసం కాదు. నిజంగా ఆయిల్ పోయిన రోజున ఆ అదనపు 3 సెకన్లకి సమాధానం ఎవరు చెబుతారు? ఇన్‌పుట్ ఫిల్టర్ టైమ్ పెంచుదామన్న దానికీ అదే జవాబు. పైగా ఎస్‌ఓఈ కార్డులో ఫిల్టర్ పెంచితే, ఈసారి మనల్ని కాపాడిన ఆ మిల్లీసెకన్ల సాక్ష్యమే మసకబారుతుంది.

నాకు నచ్చిన సలహా మా జూనియర్ ఇంజనీర్‌ది. స్విచ్‌లు తీసేసి మూడు ట్రాన్స్‌మిటర్లు పెట్టాలన్నాడు. స్విచ్ ట్రిప్ రోజు దాకా ఒక్క ముక్క మాట్లాడదు. ట్రాన్స్‌మిటర్ రోజూ అంకె చెబుతూనే ఉంటుంది. మూడు అంకెల్లో ఒకటి పక్కకి పోతే అప్పుడే పట్టుకోవచ్చు, వైరు తెగితే 4 మిల్లీ ఆంపియర్ల కిందికి పడి తెగిందని తెలిసిపోతుంది. తర్వాతి ఓవర్‌హాల్ జాబితాలో పెట్టాం. డబ్బు మంజూరు సంగతి వేరే కథ.

మిగతా యూనిట్

ఒకచోట ఉన్నది ఇంకోచోట ఉండదా అని, యూనిట్‌లోని టూ అవుట్ ఆఫ్ త్రీ సర్క్యూట్లన్నీ ఒక్కొక్కటిగా చూడడం మొదలుపెట్టాం. డ్రాయింగ్ చూసి టిక్ పెట్టడం కాదు, మార్షలింగ్ ప్యానెల్లో వైర్లు లెక్కపెట్టడం. నడుస్తున్న యూనిట్‌లో విప్పడానికి లేదు కాబట్టి లెక్కపెట్టడమే దారి. ఆరు వైర్లు రావాల్సిన చోట నాలుగు వస్తే అక్కడ ఆగాలి. ఇద్దరు మనుషులు, టార్చి లైట్లు, నెల రోజులు. ఇంకో ఏడు చోట్ల ఇదే ఉమ్మడి పాజిటివ్ దొరికింది. రెండు చోట్ల ఇంకో రకం తప్పు దొరికింది: ఒకప్పుడు చానెల్ చెడిపోతే రాత్రి షిఫ్ట్‌లో ఎవరో సిగ్నల్‌ని ఖాళీగా ఉన్న చానెల్‌కి మార్చారు, ఆ ఖాళీ చానెల్ రెండో సిగ్నల్ ఉన్న కార్డులోనే ఉంది. ఆ రాత్రికి యూనిట్ నడిచింది, వాళ్ళ పని వాళ్ళు చేశారు. పొద్దున్నే దాన్ని మళ్ళీ సరిచేయాల్సిన మేమే మర్చిపోయాం. అలా మార్చినప్పుడు రాయడానికి ఒక రిజిస్టర్ పెట్టాం. దానికి తాళం వేసి ఉంచే అలవాటున్న ఒకాయన దగ్గరే పెట్టాం.

ఐఈసీ 61508 ప్రమాణంలో ఉమ్మడి కారణాల వల్ల అన్నీ ఒకేసారి పోయే అవకాశానికి బీటా ఫ్యాక్టర్ అని ఒక లెక్క ఉంది. దాన్ని తేల్చడానికి అడిగే ప్రశ్నల్లో చానెళ్ళ కేబుళ్ళు విడివిడిగా వేశారా అన్నదీ ఒకటి. మన ప్లాంట్లలో ఆ ప్రశ్నాపత్రం నింపేది కన్సల్టెంట్, డ్రాయింగ్ చూసి నింపుతాడు. డ్రాయింగ్‌లో ఆరు వైర్లున్నాయి మరి.

ఇంకొకటి మిగిలింది. మూడు స్విచ్‌లూ ఇప్పుడు మూడు దారుల్లో కార్డుకి వస్తున్నాయి, కానీ ఆయిల్ వైపు మూడూ హెడర్ నుంచి తీసిన ఒకే ట్యాపింగ్ పైపు మీద వేలాడుతున్నాయి, దానికి ఒకే రూట్ వాల్వు. ఆ వాల్వు ఎవరైనా మూసి కాస్త బ్లీడ్ చేస్తే మూడూ పడతాయి. పైపు చోక్ అయితే అంతకంటే ఘోరం: ఆయిల్ పోయినా మూడూ "బాగుంది" అంటాయి. హెడర్ మీద ఇంకో రెండు ట్యాపింగ్‌లు వెల్డ్ చేయాలంటే స్కిడ్ ఆయిల్ మొత్తం దించాలి, అది ఓవర్‌హాల్‌లోనే కుదురుతుంది. అప్పటిదాకా ఆ వాల్వు తెరిచి ఉంచి, హ్యాండిల్ ఊడదీసి షిఫ్ట్ ఇన్‌చార్జ్ బల్ల సొరుగులో పెట్టాం. వాల్వు కాడకి ఒక ఎర్ర ట్యాగు కట్టాం. వారానికోసారి వెళ్ళి ట్యాగు ఉందో లేదో చూసొస్తున్నాం.